హార్డ్ డిస్కులో గట్టు పంచాయతీ

దేవరయాంజాల్ సీతారామస్వామి మీద ఒట్టు. ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా రేపటి నుంచి నా మౌస్ ఎడమకు జరిపితే కుడికి పోవుగాక! ఇది నా చేతుల మీదుగా జరిగిన ఒక సర్వనాశనం కథ. మీరు నవ్వుతారని తెలుసు. నాకు మాత్రం ఇన్నేళ్ళయినా ఒళ్ళు మండుతూనే ఉంది, ముఖ్యంగా ఆ వాస్తు సిద్ధాంతి మీద.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. కండ్లకోయ వైపు ఇంజినీరింగ్ కాలేజీకి బస్సులో పోయి వస్తూ, తూంకుంటలో మా పెద్దబాపు (మా నాన్నకు అన్న) ఇంట్లో ఉండేవాణ్ణి. మా మేనత్త కొడుకు సత్తి బావదీ అక్కడే మకాం. ఇద్దరికీ కలిపి ఒకటే కంప్యూటర్. అదీ పెద్దబాపు తన ప్లాట్ల వ్యాపారం కోసం కొన్నది.

ఇద్దరమూ లినక్స్ భక్తులమే. తెలియనివారికి చెబుతాను: లినక్స్ ఉచితంగా దొరికే వ్యవస్థ. దానికి ముఖం, అంటే తెర మీది కిటికీలూ మెనూలూ, ఎవరికి నచ్చినది వారు తగిలించుకోవచ్చు. ఆ స్వేచ్ఛే మా కొంప ముంచింది. నాది కేడీఈ, గుర్తు పళ్ళ చక్రం. బావది గ్నోమ్, గుర్తు పాదం. పాదమండీ! పొద్దున్నే మనిషికి కాలు చూపించే సాఫ్ట్‌వేర్‌ను ఏమనాలో మీరే చెప్పండి.

"ఏంది బావా ఇది? ఒక్క ఫోటో చూద్దామంటే ఫోల్డర్‌కొక కిటికీ తెరుస్తది. ఇది కంప్యూటరా, కోళ్ల ఫారమా?"

"మరి నీదో? ఏది నొక్కినా బాణం పక్కన బొమ్మ దుంకుతది, కల్లు తాగినట్టు. గడియారం సరిజేయాలంటే మెనూ లోపల మెనూ. సగం బటన్లు ఎందుకున్నయో నీకే తెల్వదు."

"తెల్వకున్నా ఉన్నయ్ గదా! మీ గ్నోమోల్లు అన్నీ దాచిపెడ్తరు."

"అక్కెర లేనియి దాస్తరు. పనికిరాని సామాను అటకెక్కియ్యరా?"

"అటకకు నిచ్చెన ఏది మరి?"

నేను కాలేజీ నుంచి వచ్చేసరికి తెర మీద పాదం. బావ మేడ్చల్ పోయి వచ్చేసరికి చక్రం. (రెండూ ఒకే డిస్కులో పోట్లాడకుండా ఉండగలవని నాకు చెప్పకండి. నాకూ తెలుసు. అలా ఉంటే ఇక గెలిచేదెవరు?) చివరికి ఒక రోజు మౌస్ తీగను చెరో వైపు లాగితే తెగి ఊరుకుంది. ఆ చప్పుడుకు పెద్దబాపు వచ్చాడు.

పెద్దబాపు అంటే మామూలు మనిషి కాదు. శామీర్‌పేట చుట్టుపక్కల ఏ పొలం గట్టు తగాదా అయినా ఆయన కుర్చీ వేసుకుని కూర్చుంటే తెగిపోవాల్సిందే. కంప్యూటర్‌ను మాత్రం ఏనాడూ ముట్టలేదు. కళ్ళు మూసుకుని ఇద్దరి వాదనా విన్నాడు.

"ఇద్దరూ మంచిగనే చెప్పిన్రు. నాకేం సమజ్ గాలె. లోపల జాగ ఉంటదా?"

"ఉంటది మామా, హార్డ్ డిస్కుల" అన్నాడు బావ.

"అయితే పంచుకోన్రి. తూర్పు దిక్కు సత్తిగానిది. పడమర దిక్కు నర్సిగానిది. నడుమ గట్టు. గట్టు దాటినోని చెయ్యి ఇరుగుతది!"

అప్పుడు బల్ల ఉత్తరం గోడకు ఉండేది. మేము ఉత్తరం వైపు తిరిగి కూర్చునేవాళ్ళం. డిస్కు పంపకాలు చేసే ప్రోగ్రాంలో తెర మీద ఒక పొడుగాటి పట్టీ కనిపిస్తుంది. దాని కుడి సగం తూర్పు, బావది. ఎడమ సగం పడమర, నాది. పేర్లేమీ పెట్టుకోలేదు. పెద్దమనిషి మాట ఉండగా పేర్లెందుకు?

కొన్నాళ్ళు శాంతి. అంతలో పెద్దబాపు కొత్త వెంచర్ ప్రారంభం దగ్గరపడింది. ప్లాట్ల మ్యాపు గీసే పని నాకు పడింది.

"మ్యాపు లేకుంటే వచ్చినోల్లకు నా మొకం చూపియ్యాల్నా? మంచిగ జెయ్యి బిడ్డా. జేసినవనుకో, గట్టు తీసేస్త. డబ్బా మొత్తం నీదే."

డబ్బా మొత్తం చక్రమే! ఆ ఆశతో రోడ్లు గీశాను, పార్కు గీశాను, అడగకపోయినా పార్కులో నెమలిని కూడా గీశాను. నెమలి తోక దగ్గరకొచ్చేసరికి నా వాటాలో జాగా నిండిపోయింది.

"బావా, జర జాగ ఇయ్యవా?"

"గజం గూడ ఇయ్య."

"నీ దాంట్ల పాటలే గదా ఉన్నయ్!"

"పాటలు పెట్టుకుంట, పంట లేకుండ పడావు పెట్టుకుంట. నా భూమి, నా ఇష్టం."

చూశారా పొగరు! సరిగ్గా ఆ వారమే దిగాడు సిద్ధాంతి. "ఉత్తరం గోడకు బరువా? అరిష్టం!" అని బల్లను దక్షిణం గోడకు తిప్పించి వెళ్ళిపోయాడు.

ప్రారంభానికి ముందు రోజు మధ్యాహ్నం బావ ఫ్లెక్సీ తేవడానికి మేడ్చల్ వెళ్ళాడు. పెద్దబాపు సైటు మీద ఉన్నాడు. నేను ఇన్‌స్టాలేషన్ సీడీ పెట్టాను. తెర మీద పట్టీ వచ్చింది. బావది తూర్పు వాటా. తూర్పు ఎటు? పొద్దున్నే ఎండ వచ్చే కిటికీ నా ఎడమ చేతి పక్కన ఉంది. అంటే ఎడమ సగం బావది!

ముందు గట్టును కొంచెమే జరుపుదామనుకున్నాను. ఒక్క నాగటి చాలంత. ఆ గజం మాట గుర్తొచ్చి మొత్తం దున్నేయాలనిపించింది. రేపు అడిగితే కరెంటు పోయిందందాం. "నిజంగానే చెరిపేయాలా?" అని అడిగింది కంప్యూటర్. దానికున్న జాలి నాకు లేదు. నొక్కాను.

మళ్ళీ ఆన్ చేసి చక్రం కోసం కూర్చున్నాను. పాదం వచ్చింది. నాలుగు వేళ్ళూ విప్పుకుని, తీరిగ్గా. బల్ల తిరిగింది కానీ డిస్కులో పట్టీ తిరగలేదు; ఎడమ సగం అప్పుడూ ఇప్పుడూ నాదే.

బావ ఫ్లెక్సీతో వచ్చాడు. "ఏమైంది బామ్మర్దీ, మొకం గట్లున్నదేంది?"

"నా వాటా పోయింది బావా. నేనే చెరిపిన."

"నీది నువ్వెందుకు చెరిపినవ్?"

"నీదనుకొని!"

బావ నవ్వలేదు. నవ్వితే ఇంత కోపం ఉండేది కాదు. వెనకే పెద్దబాపు. "మ్యాపేదిరా?" అన్నాడు. బావ మొత్తం చెప్పాడు. పెద్దబాపు కుర్చీలో కూలబడ్డాడు.

"ఇన్నేండ్ల నా ఉమర్ల గట్లు జరిపినోల్లను మస్తుమందిని చూసిన. పక్కోని పొలమనుకొని సొంత పొలం మింగినోన్ని నిన్నే చూస్తున్న. ఇగ సత్తిగాని జాగల కౌలుకు జెయ్యి. పొద్దుగాల వరకు మ్యాపు గావాలె."

అలా కేడీఈ వీరుణ్ణైన నేను గ్నోమ్ భూమిలో కౌలుదారునయ్యాను. ఫోల్డర్ ముట్టుకుంటే కిటికీ, కిటికీలోంచి కిటికీ. వాటి మధ్య నుంచి రోడ్లు మళ్ళీ గీశాను. నెమలిని గీయలేదు. సైటులో కొబ్బరికాయ కొడుతుండగా మ్యాపు గోడకెక్కింది. పెద్దబాపు పరువు దక్కింది.

"ఏం బామ్మర్దీ, మా భూమి ఎట్లున్నది?"

"మట్టి మంచిదే బావా. మీదున్న ఆ కాలే బాగలేదు."

ఆనాడే పంచభూతాల సాక్షిగా శపథం చేశాను: చేతిలో దిక్సూచి లేకుండా ఈ జన్మలో హార్డ్ డిస్కు ముట్టను.

మొదట్లో ఒట్టు పెట్టుకున్నాను కనుక, మౌస్ మీద భయంతో ఒక్క సవరణ. ఈ కథలో సిద్ధాంతి లేడు. వెనక కిటికీలోంచి ఎండ పడి నా చక్రం సరిగ్గా కనిపించడం లేదని బల్లను తిప్పింది నేనే. మిగతాదంతా నిజం. సిద్ధాంతి మీద నా కోపం కూడా నిజమే.