తేలిపోయిన కోడిగుడ్డు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుద్ది గుంటా" అని చెప్పి మరీ అమ్మ నన్ను మూలపేట కాపరానికి పంపింది. ఊరు మంచిదే. నా నోటితోనే మా అత్తకి చిక్కు.

ఆ ఏడు చెల్లెలి పెళ్ళి సరిగ్గా నారు పోసే రోజుల్లో పడింది. మా పుట్టిల్లు పలాస అవతల. కోటబొమ్మాళి స్టేషనుకి బండి మీద వెళ్ళి మధ్యాహ్నం రైలు అందుకుంటేనే ముహూర్తానికి చేరతాను. కానీ విత్తనాల పని నా మెడకే చుట్టుకుంది. పుట్టింట్లో మేం విత్తనాల వడ్లని ఉప్పునీటిలో పోసి ఏరతామని గొప్పలు పోయింది నేనే మరి.

"అయితే నువ్వే సేసి ఎల్లు" అంది అత్త. "అయినా ఉప్పేత్తే నీరు బరువెక్కుద్దేటి? నీరు నీరే గదా."

"సముద్రంలో తేలినట్టు బావిలో తేల్తావేటత్తా?" అన్నాను.

సముద్రం ఒడ్డున పుట్టిన అత్త ఆ మాటకి లేచి తొట్టిలో బావినీళ్ళు నింపింది.

మంచినీటిలో అరకొర గింజ కూడా మునుగుతుంది. ఉప్పు పడేకొద్దీ నీరు బరువెక్కి దాన్ని పైకి నెడుతుంది, నిండు గింజే అడుగున ఉంటుంది. ఉప్పు చాలిందో లేదో కోడిగుడ్డు చెబుతుంది. అడుగున ఉన్న గుడ్డు తేలిందంటే చాలినట్టే.

అత్త తొట్టిలో గుడ్డు వేసింది. నేను దోసెడు ఉప్పు వేసి కలిపానో లేదో, తేలిపోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆయన అప్పటికే బండి కట్టాడు. వడ్లు పోసేసి ఎక్కితే సరి.

కానీ అంత కొంచెం ఉప్పుకి ఏ గుడ్డూ తేలదు. నోరు మూసుకుంటే పెళ్ళి చూస్తాను, మడిలో మాత్రం తాలుగింజలు పడతాయి. నా నోరు ఊరుకుంటుందా?

"ఈ గుడ్డు ఎక్కడిదత్తా?"

"పెట్ట కింద పిల్ల కాకుండా మిగిలిపోయింది. మంచి గుడ్డు ఉప్పునీటి పాలు సెయ్యడం దేనికే?"

మురిగిన గుడ్డు ఎండి, లోపల గాలి చేరి తేలికైపోతుంది. కాస్త ఉప్పు పడితే చాలు, తేలిపోతుంది. ఆ మాటంటే, "మా కోడికే వంకలెడతావా" అంటూ అత్త దాన్ని కంచె దగ్గర పగలగొట్టింది. ఆ కంపుకి ఎడ్లు కూడా మొహం తిప్పుకున్నాయి.

పని మళ్ళీ మొదటికొచ్చింది. ఎండ నడినెత్తికి వస్తోంది. నేను తొట్టి పక్కన కూలబడి ఏడ్చేశాను.

అత్త లోపలికి వెళ్ళి ఆ పొద్దున పెట్టిన గుడ్డు తెచ్చింది. "ఇది తేలిందాకా ఉప్పెయ్యాల, తేలిన గింజ తీసెయ్యాల, మునిగింది కడగాల. అంతే గదా? నే సూసుకుంటాను. నువ్వు బండెక్కు."

నేను కళ్ళు తుడుచుకుంటూ ఎక్కాను. అత్త బండి దాకా వచ్చి గొంతు తగ్గించింది. "ఆ గుడ్డు సంగతి మీవోళ్ళ కాడ సెప్పకే."

చెప్పనని మాటిచ్చాను. చెల్లెలి మెడలో తాళి పడేదాకా ఆ మాట నిలబెట్టుకున్నాను.