పొట్టు ఊదిన గిన్నె

షుగర్ వచ్చాక అమ్మ తినేది కొర్రన్నమే. ఇవాళ స్టీలు గిన్నెలో కొర్రలు పోస్తుంటే, ఆ చప్పుడుకు మా కాశిబుగ్గ ఇంటి పంజరం కళ్లముందుకొచ్చింది. అప్పట్లో మా ఇంటికొచ్చిన దోస్తులకు నాన్న పెంచిన ఫించ్ పిట్టలు గుర్తుండే ఉంటాయి. అవి గింజ తిని పొట్టును గిన్నెలోనే వదిలేసేవి. నాన్న రోజూ ఆ పొట్టు ఊదేసి కొత్త కొర్రలు పోసేవాడు.

నాన్న దవాఖానలో ఉన్నప్పుడు అమ్మ ఆయన దగ్గరే ఉంటే, పిట్టలను చిన్నమ్మ చూసుకుంది. "గిన్నె నిండుగనే ఉన్నది" అనుకుంది. నిండుగా ఉన్నది పొట్టే. పిట్టలన్నీ చచ్చిపోయాయి, పంజరంలో గూటికి కట్టిన కుండలో గుడ్లు పొదుగుతున్నది కూడా.

"పొట్టు ఊదినవా?" అని ఇంటికొచ్చాక నాన్న లోపలి గదిలో మంచం మీంచి అడిగిన ప్రతిసారీ అమ్మ "ఊదిన" అనేది. ఆయన అదే నమ్మి పోయాడు.

ఇవాళ గిన్నె అందిస్తే అమ్మ కొర్రల మీద మెల్లగా ఊదింది.

"ఇవి పొట్టు తీసిన కొర్రలే అమ్మా."

"ఎరుకే బిడ్డా" అని మళ్లీ ఊదింది.