ఇల్లున్నవాళ్ల కమిటీ

మా ఆయన మా కాలనీ కమిటీకి అధ్యక్షుడు. ఎప్పటినుంచి అంటే, ఆ పని నెత్తినేసుకోవడానికి ఇంకెవరూ ముందుకు రానప్పటినుంచి. కాశిబుగ్గలో కిరాణా కొట్టు ఎత్తేసి ఊరి శివార్లో ఇల్లు కట్టుకున్నప్పుడు చుట్టూ పత్తి చేలే. ముందు గదిలో నేను మళ్లీ చిన్న కొట్టు పెట్టాను, ఆయన కమిటీ పెట్టారు. ఆ కమిటీకి ఒకటే రూలు: ఇల్లున్నవాళ్లే సభ్యులు.

అప్పట్లో దాన్ని తప్పుపట్టడానికేం లేదు, ఉన్నవాళ్లంతా ఇల్లున్నవాళ్లే. తర్వాత ఉద్యోగాలని కొందరు, మనవలని కొందరు హైదరాబాదు వెళ్లిపోయి ఇళ్లు కిరాయికిచ్చారు. పిల్లల చదువుల కోసం మరిపెడ వైపు నుంచి రైతు కుటుంబాలు, ఉద్యోగ పరీక్షలకు చదువుకోవడానికి ఏటూరునాగారం నుంచి అమ్మాయిలు వచ్చి చేరారు. ఏ ఇంట్లో ఏ పూట నూనె అయిపోయిందో కొట్లో కూర్చున్న నాకు తెలుస్తుంది. మా ఆయనకు మాత్రం వాళ్లంతా ‘కిరాయోళ్లు’. మనిషి మంచివాడే, కానీ మొండిఘటం.

మా ఎదురింటి కింది వాటాలో మరిపెడ నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది. భర్త ఊళ్లో పొలం చూసుకుంటుంటే, ఆమె ఇద్దరు పిల్లల్ని ఇక్కడ బడిలో వేసి, మిషను కుట్టుకుంటూ నెట్టుకొచ్చేది. మా వీధికి నీళ్లు పోయే మోరీ లేదు. గట్టి వాన పడితే రోడ్డు మీది నీళ్లన్నీ ఆమె గదిలోకే. మిషన్ని మంచమెక్కించి, పిల్లల్ని మా కొట్లో కూర్చోబెట్టి, చీపురుతో నీళ్లు బయటికి తోసేది.

ఆ మోరీ కోసం మా ఆయన చెప్పులరిగేలా తిరిగారు. చివరికి ఒక ఆఫీసరు కరుణించి, ఆదివారం పొద్దున వస్తాను, కాలనీవాళ్లందర్నీ పిలవండి, జనం అడిగితే పని కదులుతుంది అన్నాడు. ఈయన ఆ కబురు ఇల్లున్నవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. గ్రూపు నిండా బొటనవేళ్లే. ఇంకేం, శామియానా వేయించారు, కుర్చీలు తెప్పించారు, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నారు. ఆ బొటనవేళ్లన్నీ హైదరాబాదులో ఉన్నాయన్న సంగతి ఆయనకు తట్టనేలేదు.

ఆఫీసరు వచ్చేసరికి కుర్చీల్లో ఉన్నది మా ఆయన, పక్కింటి రిటైర్డ్ మాస్టారు. ఆఫీసరు వాచీ చూసుకున్నాడు. మా ఆయన ముఖం చూస్తే నాకు జాలేసింది, ఒళ్లూ మండింది. కొట్టు వదిలేసి నడిరోడ్డు మీదికొచ్చి అరిచాను.

“అందరు బయటికి రాండ్రి! మోరీ సారు పోతాండు!”

వచ్చారు. చంటిపిల్లల్ని చంకనేసుకుని, నైటీల మీద చున్నీలు కప్పుకుని, చేతిలో పుస్తకాలు పట్టుకుని వచ్చారు. కుర్చీలు ఖాళీగానే ఉన్నా ఎవరూ కూర్చోలేదు, పక్కన నిలబడ్డారు. మరిపెడ ఆవిడ ఆఫీసరుని తన గుమ్మం దాకా తీసుకెళ్లి గోడ మీద నీళ్ల మరక చూపించింది.

“జర చూడు సారూ. వానొస్తె నా పిల్లలు మంచం మీదనే తింటరు, మంచం మీదనే సదువుకుంటరు.”

ఆఫీసరు మా ఆయన వైపు తిరిగాడు. “వీళ్లంతా మీ కాలనీవాళ్లేనా?”

మా ఆయన గొంతు సవరించుకున్నారు. “మావోళ్లే సార్,” అన్నారు. తర్వాత వాళ్లవైపు చూసి, “నిలబడ్డరేంది? కూసోండ్రి. కుర్చీలు మీకే ఏసింది.”

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన మీద నాకంత ప్రేమ పుట్టిన రోజు లేదు. చెబితే నెత్తికెక్కుతారని చెప్పలేదు.

వానాకాలానికి ముందే మోరీ వచ్చింది, వెంట సిమెంటు రోడ్డు కూడా. మొదటి వానకు ఆమె మిషను గుమ్మం దగ్గరే పెట్టుకుని, వాన చూస్తూ జాకెట్లు కుట్టింది. మా ఆయన పట్టలేని సంబరంతో కొత్త రోడ్డు ఫొటోలు తీసి గ్రూపులో పెట్టారు. ఆ ఫొటోలు చూసే ఎదురింటి ఓనరు ఆమెకు ఫోన్ చేశాడు, వీధి బాగుపడింది కాబట్టి కిరాయి పెంచుతున్నానని. ఇవ్వలేకపోతే ఖాళీ చేయమన్నాడు.

మా ఆయన అతనికి ఫోన్ చేసి మొదట నచ్చజెప్పారు, తర్వాత కేకలేశారు. “మోరీ కోసం నువ్వొచ్చినవా? ఆమె ఒచ్చింది!”

“ఇల్లు నాది గదా అన్నా,” అని అతను పెట్టేశాడు.

నెలాఖరుకు ఆమె సామాను ట్రాలీ ఆటో ఎక్కింది. మురుగు నాలా అవతలి కాలనీలో తక్కువ కిరాయికి గది దొరికిందట. అక్కడింకా మోరీ లేదు. నేను పిల్లల చేతుల్లో బిస్కెట్ ప్యాకెట్లు పెట్టి ఏడుస్తున్నాను. మా ఆయన వెళ్లి ఆటో ముందర నిలబడ్డారు.

“ఫికర్ చెయ్యకు కాకా, మేం ఎట్లనో గట్ల బతుకుతం,” అంది ఆమె.

“నీ ఫికర్ కాదు బిడ్డా. మీరందరు గిట్ల పోతె నేనెవలికి అధ్యక్షుణ్ని?”

ఆమె కొంగుతో కళ్లొత్తుకుంది. డ్రైవరు రెండోసారి హారన్ కొట్టాక ఆయన పక్కకు జరిగారు.