గేటు బయటి చక్రవర్తి

పొద్దున్నుంచి ఒళ్లు మండిపోతోంది. చిన్నప్పుడు స్టీల్ ప్లాంటు పక్కన మన క్యాంప్ 2 బస్తీలో పెట్టుకున్న బిరుదులు అందరికీ గుర్తున్నాయారా? నాన్నల పాత హెల్మెట్లే కిరీటాలు. ఎవరి నాన్న ఏ డిపార్ట్‌మెంటైతే ఆ రాజ్యం వాళ్లది. నేను కోక్ ఓవెన్ మహారాజుని. బిరుదులన్నీ ఇచ్చింది సింహాచలమే. వాళ్ల నాన్న కాంట్రాక్టు కూలీ, డిపార్ట్‌మెంటే లేదు.

"అయితే ఏటి? గేటు బయటున్న దేశమంతా నాదేరా" అని వాడు చక్రవర్తి అయిపోయాడు.

ఈరోజు వాడు ప్లాంటు గేటు బయట, కూలీల పాసు కోసం లైన్లో నిలబడి ఉన్నాడు. తల నెరిసిపోయింది. కొడుకు వయసున్న కాంట్రాక్టరు మనిషొకడు "ఏయ్ బుడ్ఢే, పీఛే హట్" అని, ముసలోడని కూడా చూడకుండా వాణ్ణి వెనక్కి నెట్టాడు. డ్యూటీకి ఆలస్యమవుతుందని నేను కారు దిగలేదు.

సింహాచలం నన్ను చూశాడు. హెల్మెట్ తీసి, నవ్వుతూ వంగాడు.

"దండాలు మహారాజా."

ఇకమీదట నన్నెవడూ ఆ పేరుతో పిలవకండి.