సల్వా ఇంట్లో గొర్రెల గుట్ట

ఊరికే నడవడమంటే ఏమిటో రెడ్డెమ్మకు నలభై రెండో ఏట తెలిసింది. అంతకు ముందు నడవక కాదు. లక్కిరెడ్డిపల్లె దగ్గర చిన్న పల్లెలో పుట్టి, పన్నెండేళ్లు వచ్చేదాకా మేకల వెనక గుట్టలన్నీ తిరిగింది. పెళ్లయ్యాక కట్టెలకు నడిచింది, నీళ్లకు నడిచింది, కరువు పనికి నడిచింది. కువైట్‌కొచ్చి సల్వాలో ఒక పెద్దింట్లో పనికి కుదిరాక ఆ మూడంతస్తుల మెట్ల మీద రోజుకు నలభై సార్లు నడిచింది. కానీ చంకలో బిందె, నెత్తిన మోపు, ముందర మేక, ఏదీ లేకుండా నడిచే మనుషులు ఉంటారని, పైగా ఎట్లా నడవాలో పుస్తకం అచ్చేసుకుంటారని విల్‌ఫ్రెడ్ సారు చెప్పేదాకా ఆమెకు తెలియదు.

సారు ఆ ఇంటి పిల్లలకు ఇంగ్లీషు చెప్పే పెద్దాయన. అరవై దాటాయి. ఇరవయ్యేళ్లుగా సాల్మియాలో సముద్రం కనిపించే ఫ్లాట్‌లో ఒక్కడే ఉండేవాడు. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగేనాటికి ఇంటి యజమానులు వేసవి సెలవులకు లండన్ వెళ్లి ఉన్నారు. ఇల్లు చూసుకోవడానికి మిగిలింది రెడ్డెమ్మ, రాయచోటి నుంచి వచ్చిన డ్రైవరు ఖాసిం వలి. సైనికులు ఇంగ్లీషువాళ్లను ఫ్లాట్లలోంచి ఏరి పట్టుకుపోతున్నారని తెలియగానే వలి పికప్ వేసుకుని వెళ్లాడు. సారును ఒక తివాచీలో చుట్టి, పైన ఇంకో నాలుగు తివాచీలు వేసి సల్వాకు తెచ్చాడు. దారిలో సైనికులు ఆపి ఏముందని అడిగితే, ఉతకడానికి తీసుకుపోతున్నానన్నాడట. ఇంటికొచ్చి విప్పేసరికి సారు చెమటకు తడిసి ముద్దయి ఉన్నాడు. వలి చెప్పింది మరీ అబద్ధమేం కాదనుకుంది రెడ్డెమ్మ.

వంటింటి వెనక స్టోర్‌రూములో బియ్యం మూటలు గోడలాగా పేర్చి, వాటి వెనక పరుపు వేశారు. సారు తెచ్చుకున్నది ఒక్క సంచి. అందులో రెండు చొక్కాలు, మందులు, ఒక పలచటి పుస్తకం.

మొదటి వారం బాగానే ఉన్నాడు. రెండో వారం నుంచి పరుపు దిగడం మానేశాడు. మే నెలలో ఆయనకు తుంటి ఆపరేషన్ జరిగింది. రోజుకు రెండు మైళ్లు నడవకపోతే కాలు బిగుసుకుపోతుందని, తర్వాత ఎవరూ ఏమీ చేయలేరని డాక్టరు చెప్పి ఉన్నాడు. కిటికీలన్నీ పరదాలు కప్పి ఉన్నాయి కదా, ఇంట్లోనే తిరగమని ఇద్దరూ చెప్పి చూశారు. ఎక్కడికి నడవాలి, ఫ్రిజ్ దాకానా అని సారు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అప్పటికే మనవాళ్లు వేలల్లో ఊళ్లకు బయల్దేరుతున్నారు. ఒకరోజు వలి గుమ్మంలో కూలబడి నెమ్మదిగా కదిపాడు.

"అక్కా, బస్రా మీద, బాగ్దాద్ మీద జోర్డాన్‌కు బస్సులు పోతాండాయి. మన పేర్లు రాపిచ్చేదా?"

"సారునేం జేస్తావు? మళ్లా తివాచీలో చుట్టి చంకన బెట్టుకోని పోతావా?"

"ఆయప్ప లేసి నడిస్తే గదా యాడికన్నా పంపేది."

"అందుకే నడిపియ్యాల. పండుకున్న మేకను లేపి నిలబెట్టకుంటే ఇంక తోలే మిగిలేది. నీకేం తెలుసులే, మీ ఇంట్లో మేకంటే పలావే."

వలి నవ్వాడు గానీ, పేర్లు రాయించడానికి వెళ్లలేదు.

ఆ మధ్యాహ్నం రెడ్డెమ్మ సారు దగ్గర కూర్చుని ఆ పలచటి పుస్తకం అడిగింది. ఆయనకొచ్చిన అరబ్బీ పెద్దది, ఆమెకొచ్చిన అరబ్బీ వంటింటిది. రెండూ కలిసే చోట మాట్లాడుకునేవాళ్లు. అది సారు పుట్టిన ఊరు ఆష్‌బెక్ చుట్టూ ఉన్న కాలిబాటల పుస్తకం. ఊళ్లో చర్చి వాళ్లు వేయించారు. మొత్తం ఎనిమిది బాటలు. మొదటిది సరిగ్గా రెండు మైళ్లు. చర్చి గేటు దాటాలి. కంచె మీదుగా కట్టిన చెక్క మెట్లెక్కి దిగాలి. వాగు దాటాలి, నీలిపూల అడవిలోంచి గొర్రెల గుట్ట ఎక్కాలి. గుట్ట మీద చిన్న జలపాతం.

రెడ్డెమ్మ బొమ్మలన్నీ చూసింది. గొర్రెలు బాగా బలిశాయని ఒప్పుకుంది. ఎవరివని అడిగింది. ఎవరివో అన్నాడు సారు. ఎవరివో గొర్రెల్ని చూడ్డానికి గుట్టెందుకు ఎక్కుతారు? ఊరికే. పైన ఏం చేస్తారు? గాలి పీల్చి, శాండ్‌విచ్ తిని దిగుతారు. అడవిలోంచి కట్టెలు తెచ్చుకోరా? తెస్తే జరిమానా. మరి పూలో? కోయకూడదు. ఆమె పుస్తకం మూసింది. ఇంత పనిలేని ఊరు ఆమె జన్మలో వినలేదు. ఆ ఊరంటే ఇష్టం కూడా అప్పుడే పుట్టింది.

మర్నాడు పొద్దున సారు లేచేసరికి ఇల్లు లేదు, ఆష్‌బెక్ ఉంది.

హాలు తలుపు చర్చి గేటు. రెండు కుర్చీలు వీపులానించి, అటొక పీట ఇటొక పీట వేస్తే కంచె మెట్లు. నడవాలో నీలం దుప్పటి పరిస్తే వాగు. పనివాళ్లంతా మామా అని పిలిచే యజమానురాలి పొడుగాటి నల్ల పై అంగీలు, ఆ అబాయాలన్నీ, బట్టలు తగిలించే ఇనుప స్టాండ్లకు వేలాడదీస్తే అడవి. కింద నీలం రంగు బట్టల క్లిప్పులు యాభై చల్లితే పూలు. మూడంతస్తుల మెట్లు గుట్ట. మెట్టు విడిచి మెట్టు మీద తెల్ల దిండ్లు, అవి గొర్రెలు. పైన బాత్‌రూములో బకెట్ నీళ్లు, ఒక చెంబు. ఎక్కినవాళ్లకు ఒక చెంబు నీళ్లు పైనుంచి పోస్తే జలపాతం.

సారు మూటల సందులోంచి చూశాడు. గొర్రెలు అట్లా పడుకోవనీ, గాలికి వీపు పెట్టి పడుకుంటాయనీ అన్నాడు. వచ్చి సరిచేయమంది రెడ్డెమ్మ. దిండ్లు సరిచేయడానికి ఆయన లేచాడు.

మొదటి రోజు వాగు దాకా. మూడో రోజు అడవి. దుప్పటి పక్క నుంచి పోబోతే రెడ్డెమ్మ ఒప్పుకోలేదు. వాగన్నాక దాటాలి, కాలు తడిస్తే తుడుచుకోవాలి. ఒక చిక్కు మాత్రం వారం పట్టింది. రెడ్డెమ్మకు మనిషి పక్కన నడవడం చేతకాదు. మేకల కాపరి ఎప్పుడూ వెనకే నడుస్తుంది. సారు నిలబడితే ఆమె నోట్లోంచి దానంతటదే "హెయ్, టుర్ర్" అని వచ్చేది. సారు ఆగి, తాను మేకను కాననీ, పక్కన రమ్మనీ బతిమాలేవాడు. ఆమె నాలుగడుగులు పక్కన నడిచి మళ్లీ వెనక్కి జారేది.

సారు తన వంతుగా రెండు పట్టింపులు పెట్టాడు. ఒకటి, గేటు దాటిన ప్రతిసారీ వెనక్కి తిరిగి మూయాలి, లేకపోతే గొర్రెలు ఊళ్ల మీద పడతాయి. ఇది రెడ్డెమ్మకు నచ్చింది. ఆ ఊళ్లో ఆమె విన్న మొదటి తెలివైన మాట అదే. రెండోది పొగమంచు. పొద్దున మంచు లేకపోతే అది ఆష్‌బెక్ కాదన్నాడు. దానికేం భాగ్యమని, అరబ్బులు ధూపం వేసే నిప్పుల గిన్నెలో రోజూ చిటికెడు బఖూర్ వేసి మెట్ల మొదట్లో పెట్టేది. పొగ సన్నగా గుట్ట ఎక్కేది. తమ ఊళ్లో మంచుకింత సువాసన ఉండేది కాదని సారు ఒప్పుకున్నాడు.

అక్టోబరుకు సారు గుట్ట రోజుకు మూడుసార్లు ఎక్కుతున్నాడు. కాలు వంగుతోంది. రేపటి నుంచి రెండో బాట, నాలుగు మైళ్లది మొదలుపెడదామని పుస్తకం తిప్పుతున్న రోజునే గేటు మోగింది.

వలి పరుగెత్తుకొచ్చి ఇద్దరు సైనికులని చెప్పాడు. సారు స్టోర్‌రూములోకి దూరాడు. వెళ్తూ వెళ్తూ, ప్రాణం మీదికొచ్చినా, వెనక్కి తిరిగి తలుపు మూశాడు. ఊరిని మడిచిపెట్టే వ్యవధి మాత్రం ఎవరికీ లేకపోయింది.

ఒకడు మీసాల హవల్దారు, ఇంకొకడు కుర్రాడు. హాలు చూసి నిలబడిపోయారు. ఇదేమిటని హవల్దారు అడిగాడు. ఇల్లు కడుగుతున్నానంది రెడ్డెమ్మ. మా పండగొస్తోంది, పండగకు ఇల్లంతా తలకిందులు చేసి కడగకపోతే మా దేవుడు గడప తొక్కడంది. చేతిలో తడిగుడ్డ కూడా ఉంది. వాళ్లకు వేరే దారి లేదు. కుర్చీల మీదుగా ఎక్కి దిగారు. కుర్రాడు దుప్పటి తొక్కకుండా దాటాడు, వాళ్లమ్మ బాగానే పెంచింది. అబాయాల అడవిలో తుపాకులు తగులుకుని తప్పుకున్నారు. గుట్ట ఎక్కి దిగారు. దిగేటప్పుడు హవల్దారు చంకలో మామా టేప్ రికార్డరు ఉంది. తర్వాత వంటింట్లోకి వచ్చి, స్టోర్‌రూము తలుపు వైపు చూశాడు.

రెడ్డెమ్మ మెట్ల దగ్గరికి నడిచింది. రోజూ మంచు లేపే నిప్పుల గిన్నె తెచ్చి స్టవ్ పక్కన పెట్టింది. కిటికీలో ఆరబెట్టిన ఎండుమిరపకాయలు పిడికెడు తీసి నిప్పుల మీద వేసింది. పండగ కారం, అంది. అవి మన సీమ మిరపకాయలు. నల్లబడ్డాయో లేదో, ఘాటు వంటిల్లంతా కమ్మేసింది.

ముందు కుర్రాడు దగ్గాడు. తర్వాత హవల్దారు. తర్వాత రెడ్డెమ్మ. అప్పుడు నాలుగో దగ్గు వినిపించింది. పెద్దమనిషి దగ్గు, గుడ్డలో నొక్కిన దగ్గు, బియ్యం మూటల వెనక నుంచి. రెడ్డెమ్మకు మంచి ఉపాయమే తట్టింది గానీ, ఆ పొగ తలుపు కింది సందులోంచి కూడా పోతుందన్నది తట్టలేదు. ఇంక దారేముంది, రొమ్ము గుద్దుకుంటూ ముగ్గురి దగ్గూ తానొక్కతే దగ్గింది. గిన్నెలు తోసింది. ముక్కు చీదింది. గుమ్మంలో ఉన్న వలి విషయం పసిగట్టి, లోపలికొచ్చి, పొగ తగలకముందే దగ్గడం మొదలుపెట్టాడు. అయిదుగురు కలిసి దగ్గుతుంటే ఎవరి దగ్గు ఎవరిదో దేవుడు కూడా విడదీయలేడు. హవల్దారు కళ్ల నీళ్లతో, మీ పండగ మీద మన్నుబడ అని తిట్టి, వచ్చిన దారినే అడవి, వాగు, కంచె దాటి పారిపోయాడు. కుర్రాడు వెనకే పరుగెత్తాడు.

"బాబ్ సెక్కర్!" అని అరిచింది రెడ్డెమ్మ, అలవాటు కొద్దీ. తలుపు మూసిపోరా అని.

కుర్రాడు దగ్గుకుంటూనే వెనక్కి వచ్చి, మర్యాదగా తలుపు మూసి వెళ్లాడు.

డిసెంబరులో ఇరాక్ పరదేశీయులందర్నీ వదిలేస్తున్నట్టు రేడియోలో వచ్చింది. ఎయిర్‌పోర్టు బస్సెక్కే చోటుకు వలి బండిలో తీసుకెళ్లాలి. సారు పుస్తకం రెడ్డెమ్మ చేతిలో పెట్టి, కర్ర పట్టకుండా హాలు తలుపు నుంచి బండిదాకా నడిచాడు. రెడ్డెమ్మ ఆయన ముఖం చూడలేదు, తుంటినే చూసింది. అది తిన్నగా ఉంది. సారు బండి దగ్గర్నుంచి మళ్లీ వెనక్కి రావడం చూసి ఏం మర్చిపోయాడోననుకుంది. ఆయన వచ్చి గేటు మూసి వెళ్లాడు.

యుద్ధం అయిపోయింది. ఇంటివాళ్లు తిరిగొచ్చారు. టేప్ రికార్డరు పోయినందుకు మామా బాధపడలేదు గానీ, తన అబాయాల నిండా మిరపకాయల వాసన ఎందుకొస్తోందో ఆమెకు ఎప్పటికీ అర్థం కాలేదు. తొంభై రెండు వేసవిలో లండన్ వెళ్తూ రెడ్డెమ్మను కూడా తీసుకెళ్లారు. ఒక ఆదివారం అందరూ సారును చూడ్డానికి ఆష్‌బెక్ వెళ్లారు.

మామా, పిల్లలు టీ తాగుతూ ఇంట్లో కూర్చున్నారు. సారు, రెడ్డెమ్మ బయల్దేరారు. దారి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. కంచె మెట్లు తమ కుర్చీల కంటే నయంగా ఉన్నాయంది. వాగు తన దుప్పటి కంటే సన్నంగా ఉందని కొంచెం చిన్నబుచ్చుకుంది. పూలకాలం దాటిపోయిందట, అడవిలో ఒక్క నీలిపువ్వు లేదు. క్లిప్పులకు ఆ బాధ లేదు కదా అంది. ఎవరో తెరిచి వదిలేసిన గేటు కనిపిస్తే వాళ్ల వంశాన్నంతా తెలుగులో తిట్టి మూసింది. గొర్రెలు నిజంగానే గాలికి వీపు పెట్టి పడుకున్నాయి.

గుట్ట మొదట్లో ఆమె మామూలుగా వెనక్కి జారింది. సారు ఆగాడు. ఆమె పక్కకు వచ్చేదాకా కదల్లేదు. తర్వాత ఇద్దరూ ఒక్క వరుసలో ఎక్కారు, ఆయన తుంటి మీద ఆమెకు ఒక కన్ను ఉండనే ఉంది. సగం గుట్టెక్కేసరికి పైనుంచి తెల్లగా, సన్నగా పొగమంచు దిగడం మొదలైంది.

సారు చటుక్కున జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. రెడ్డెమ్మ అప్పటికే కొంగు పెట్టుకుని ఉంది.