టీచర్ గారు చెప్పబోయిన ఉత్తరం

టీచర్ గారు పోయారన్న కబురు శనివారం ఉదయం నాకు బాపట్లలో అందింది. ఒక కాలేజీలో కంప్యూటర్లు బిగిస్తున్నాను. ఆవిడ ఇంట్లో పనిచేసే మనిషి ఫోన్ చేసి, "బాబూ, టీచరమ్మ గారు లేవట్లేదండి, ఒళ్లంతా చల్లగా ఉందండి," అంది. నాకు మొదట వచ్చిన ఆలోచన చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆదివారం రేపే కదా, అనుకున్నాను.

మీలో చాలామందికి ఆవిడ తెలియదు. భట్టిప్రోలు బడిలో మాకు ఇంగ్లీషు చెప్పారు. రిటైరయ్యాక రేపల్లెలో, చర్చి వెనక వీధిలో చిన్న ఇంట్లో ఒంటరిగా ఉండేవారు. బడిలో ఉన్నన్నాళ్లూ సాయంత్రం బెల్లు కొట్టగానే ఆవిడ బల్ల ముందు ఊళ్లోవాళ్లు నిలబడేవారు. పింఛనుకు అర్జీ, పై ఊరికి పనికెళ్లిన మొగుడికి ఉత్తరం, హాస్టల్లో ఉన్న కూతురికి నాలుగు ముక్కలు. ఏడుస్తూ చెప్పినా, తిడుతూ చెప్పినా తలెత్తకుండా రాసేవారు. తిట్లు కూడా రాస్తారా అని మేము వెనక నుంచి తొంగి చూసేవాళ్లం. రాసేవారు, ఒక్క తప్పు లేకుండా.

అలాంటి చేతులు కీళ్లవాతంతో ముడుచుకుపోయాయి. పెన్ను మాట అటుంచి, చెంచా పట్టుకోవడమే కష్టమైంది. 2007లో అనుకుంటా, నోటితో చెబితే పనిచేసే ఏర్పాటు కొత్త కంప్యూటర్లలో వచ్చింది. రేపల్లెలో కంప్యూటర్ సెంటర్ నడుపుతున్నవాణ్ని కాబట్టి నేనే ఉత్సాహపడి ఆవిడకు పెట్టించాను. తలకు హెడ్‌సెట్ తగిలించి, మైకు నోటి దగ్గరకు సర్ది, తెర మీద వచ్చే వాక్యాలు పైకి చదవమన్నాను. ఆవిడ గొంతు దానికి అలవాటు కావాలి. ముప్పై ఏళ్లు పిల్లలకు డిక్టేషన్ చెప్పిన మనిషి, కామా, ఫుల్‌స్టాప్ పైకి పలకాలని నేను నేర్పక్కర్లేకపోయింది. గంటలో నాకంటే బాగా చెప్పేస్తున్నారు.

ఒక్క ప్లీజ్ దగ్గరే పేచీ. "ప్లీజ్ ఓపెన్ ది లెటర్," అనేవారు. అది అందుకోలేక, ఏమన్నారు అని ఇంగ్లీషులో తెర మీద చూపించేది.

"ప్లీజ్ అక్కర్లేదండి టీచర్ గారూ. అది మిషను."

"మిషనైతే ఏంటి? అడిగేదాన్ని నేను కదరా," అని మళ్లీ ప్లీజ్ అన్నారు. మూడోసారి కూడా అది ఏమన్నారు అనేసరికి, "నీకూ చెవుడేంటి, మా చెల్లెల్లాగా," అని విసుక్కున్నారు.

ఆవిడకు చెల్లెలుందని నాకు అప్పుడే తెలిసింది. కర్లపాలెంలో ఉంటారు. వాళ్లమ్మ పోయిన రోజున ఇద్దరి మధ్యా మాట పట్టింపు వచ్చి, పన్నెండేళ్లుగా రాకపోకలు లేవు. "తప్పు నాదేరా," అన్నారు. ఏం తప్పో చెప్పలేదు. ఆ సంగతంతా ఒక్క ఉత్తరంలో రాసెయ్యాలని ఆవిడ కోరిక. కంప్యూటర్ పెట్టించుకోవడానికి ఒప్పుకున్నదే అందుకట.

"వెళ్లి చెప్పెయ్యొచ్చు కదండి. ఆటో నేను మాట్లాడతాను."

"దానికి చెవులు దాదాపు పోయాయిరా. దానికి వినపడేలా చెప్పాలంటే కర్లపాలెం అంతా వినాలి."

"పోనీ నేను రాసిపెడతానండి."

"ఊరందరి ఉత్తరాలూ రాశాను. వాళ్లు చెప్పినవన్నీ నాకింకా గుర్తే. నాది ఇంకొకళ్లకు గుర్తుండటం నాకిష్టం లేదు."

మిషనైతే విని రాసేస్తుంది, మనసులో పెట్టుకోదు. ఆవిడకు కావలసింది అదే. కానీ చెల్లెలికి తెలుగు తప్ప రాదు, మిషనుకు తెలుగే రాదు. ఇప్పట్లో రాదని సూటిగా చెప్పాల్సింది. ఆవిడ ముఖం చూసి చెప్పలేకపోయాను. "వచ్చే ఏడాదికి తెలుగు కూడా వచ్చేస్తుందండి," అన్నాను. నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. కంప్యూటర్లు అమ్మేవాడి నోటికి తేలిగ్గా వచ్చే మాట అది. ఆవిడ నమ్మారు.

ఆ ఏడాదీ, పై ఏడాదీ ఊళ్లోవాళ్ల అర్జీలన్నీ ఇంగ్లీషులోనే చెప్పి ప్రింటు తీయించారు. ఇంగ్లీషు కాగితం చూస్తే ఆఫీసులో కుర్చీ వేస్తున్నారట అని నవ్వేవారు. నేను ఎప్పుడు వెళ్లినా మాత్రం, "ఏరా, తెలుగు వచ్చిందా?" అని అడిగేవారు. "ఇంకా లేదండి, చేస్తున్నారండి," అనేవాణ్ని. అలా ఎన్నిసార్లు అన్నానో తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఆవిడ పోవడానికి రెండు రోజుల ముందు, గురువారం, మైకు వైరు బాగుచేయడానికి వెళ్లాను. పని అయిపోయి లేస్తుంటే, "అది ఇక రాదు గానీ, నువ్వే రాసిపెట్టరా. చెబుతాను," అన్నారు తల వంచుకుని. ఆ మాట అనడానికి ఆవిడకు రెండేళ్లు పట్టింది. నాకేమో తెనాలి రైలు టైమవుతోంది, అక్కడ ఒకరికి మానిటర్ ఇవ్వాలి.

"ఆదివారం తీరిగ్గా కూర్చుందామండి."

"సరేలే, వెళ్లిరా."

తెనాలిలో ఆ ఇంటికి తాళం వేసి ఉంది. మానిటర్ మోసుకుని తిరిగి వచ్చాను.

నిద్రలోనే ప్రభువు పిలుచుకున్నాడు, అదృష్టవంతురాలు అన్నారు వచ్చినవాళ్లు. నేను అలా అనుకోలేకపోతున్నాను. చెప్పడానికి సిద్ధపడి, వినేవాడి కోసం మూడు రోజులు ఆగాల్సి వచ్చి, ఆగలేక వెళ్లిపోయారు. దీన్ని ఇక ఎవరూ సరిచేయలేరు.

సమాధి కార్యక్రమం అయ్యాక చెల్లెలు గారు నా దగ్గరకు వచ్చారు. కంప్యూటర్ పెట్టించింది నేనని ఎవరో చెప్పినట్టున్నారు. వినపడనివాళ్ల గొంతు పెద్దది కదా. "బాబూ, అక్క నాకేమన్నా రాసిందా?" అని అడిగేసరికి చుట్టూ ఉన్నవాళ్లు మాటలు ఆపి మా వైపు చూశారు.

అంతమందిలో అరిచి చెప్పలేకపోయాను. జేబులోని చిన్న పుస్తకంలోంచి కాగితం చింపి రాశాను. మీకు రాయాలని రెండేళ్లు ఎదురుచూశారండి. తప్పు తనదే అన్నారు. మిగతాది చెప్పబోతే నేను ఆగలేదు.

చెల్లెలు గారు కళ్లద్దాలు పైకి తోసుకుని, పెదవులు కదుపుతూ చదివారు. చదవడం అయిపోయాక కాగితం తిప్పి రెండోవైపు చూశారు.