సాక్షి మీద గరిక

మా ఇంట్లో ఎవరైనా చిన్న మోసం చేసి దొరికిపోతే, "తాత సాక్షి ఎత్తినట్టుంది" అని నవ్వుతారు. మొదట నా భర్త అనేవాడు. ఆయన పోయాక నా పిల్లలు అంటున్నారు. వాళ్ల పిల్లలకు సాక్షి అంటే ఏమిటో కూడా తెలియదు, అయినా అంటారు. అన్నప్పుడల్లా నేను ఏదో పని ఉన్నట్టు లేచి పెరట్లోకి పోతాను. మనవరాలి పలక మీద అక్షరాలు దిద్దుకునేసరికి నాకు యాభై ఏడేళ్లు. రాయడం వచ్చాక కూడా ఇది రాయడానికి మూడేళ్లు పట్టింది.

మాది తరతరాలుగా మట్టి తవ్వే కుటుంబం. మద్రాసు చూలైలో గుడిసెలు. మా మామ, అంటే నా పిల్లల తాత, మేస్త్రీ. మగవాళ్లు తవ్వితే ఆడవాళ్లం తట్టలు మోసేవాళ్లం. గుంట తవ్వేటప్పుడు మధ్యలో ఒక దిమ్మను తాకకుండా వదిలేస్తారు. చుట్టూ నేల దిగేకొద్దీ అది స్తంభంలా నిలబడుతుంది. దాని నెత్తిన మొదటి రోజు గరిక అలాగే ఉంటుంది. దాన్నే సాక్షి అంటాం. పని అయ్యాక దాని ఎత్తు కొలిస్తే ఎంత లోతు తవ్వామో తెలుస్తుంది. పైన మట్టి వేసి దొంగతనంగా ఎత్తారేమోనని మిగతా మేస్త్రీల సాక్షులను ఓవర్సీర్లు ఇనప చువ్వతో పొడిచి చూసేవాళ్లు. మా మామ సాక్షిని ఎవరూ పొడవలేదు. మద్రాసులో ఆయన ఆస్తి అదొక్కటే.

మద్రాసు మనది కాదని తేలిపోయిన మరుసటి సంవత్సరం, చింతాద్రిపేట దాటాక ఒక కాలేజీలో పని దొరికింది. అక్కడ నూనె కాచి గ్యాసు తీసేవాళ్లు. పిల్లలు ప్రయోగాలు చేసే గదుల్లో అది మండేది. తీసిన గ్యాసు నిలవ ఉండటానికి నీళ్ల గుంటలో పెద్ద ఇనప గంగాళం బోర్లించి పెట్టారు. గ్యాసు నిండేకొద్దీ అది పైకి తేలేది, వాడేకొద్దీ దిగేది. చదివేవాళ్లు ఎక్కువై, ఆ గంగాళం మధ్యాహ్నానికే కిందికి దిగిపోతోందట. రెండింతలు పట్టేది చేయిస్తున్నారు, దానికి కొత్త గుంట కావాలి.

ఓవర్సీరు నెల్లూరు మనిషి. "లోతు తగ్గితే గంగాళం సరిగ్గా మునగదు మేస్త్రీ. గ్యాసు బయటికి తన్నుకొస్తాది. నిప్పుతో పని, చూసుకో" అన్నాడు.

"మా సాక్షి ఉండాది గదయ్యా" అన్నాడు మామ.

నాకప్పుడు ఏడో నెల. తొలి కాన్పు. ఎనిమిదో నెల వస్తే ప్రయాణం చెయ్యకూడదు, ఆలోపే పొన్నేరి దగ్గర మా అమ్మ ఇంటికి పోవాలి. నేను పోతే నా భర్త తవ్విన మట్టి మోసే మనిషి ఉండదు. గుంట అయ్యాకే పోవాలని మాట. నేను పొద్దు పొడిస్తే రోజులు లెక్కపెట్టుకునేదాన్ని. తోటి ఆడవాళ్లు, "ఏమ్మే, లోపలోడు గూడా తట్ట మోస్తాండాడా?" అని ఎగతాళి చేసేవాళ్లు.

గుంట నా భుజం లోతుకు వచ్చినప్పుడు పెద్ద వాన కురిసింది. ఒక పక్క గట్టు జారి లోపల పడింది. ఆ బురద ఎత్తిపొయ్యడానికి నాలుగు రోజులు పట్టింది. నాలుగు రోజుల్లో జానెడు కూడా దిగలేదు. ఇక నేను అమ్మ ఇంటికి పోను, ఈ చూలైలోనే కంటాను అనుకున్నాను. భయం వేసింది.

మధ్యాహ్నం అందరూ పైన చెట్టు కింద తినేవాళ్లు. బరువుతో ఎక్కి దిగలేక నేను గుంటలోనే తినేదాన్ని. ఆరోజు సాక్షి నెత్తి మీది గరికను పారతో రొట్టెలా లేపాను. జానెడు తవ్వకం తగ్గుతుందని కింద జానెడు బురద పెట్టి గట్టిగా అదిమాను. మళ్లీ గరికను పైన పరిచాను. అది వాడిపోకుండా నేను తాగే నీళ్లు పోశాను. రోజూ పోశాను. ఎవరూ చూడలేదు.

కొలిచే రోజు మామ తలగుడ్డ తీసి చేత పట్టుకున్నాడు. సాక్షి మీద చెయ్యి పెట్టి, "భూమి కన్నది కన్నట్టే ఉండాది" అన్నాడు. అలా అనడం మా ఆచారం. ఓవర్సీరు టేపు పట్టి, పుస్తకంలో రాసుకుని షెడ్డు వైపు వెళ్లాడు. ఇక సాక్షిని కూలగొట్టాలి. మొదటి దెబ్బ మేస్త్రీదే. మామ గడ్డపార వేశాడు. పై జానెడు మూతలా ఊడి ఆయన కాళ్ల దగ్గర పడింది. కింద ఎర్రమట్టి, పైన నల్ల బురద. బురద మీద చేతివేళ్ల గుర్తులు.

ఆయన చాలాసేపు వంగి చూశాడు. తర్వాత తల ఎత్తి నా వైపు చూశాడు. మధ్యాహ్నాలు గుంటలో ఎవరుంటారో ఆయనకు తెలుసు. ఆ గరికగడ్డను రెండు చేతుల్లో పట్టుకుని పైకెక్కి నేరుగా షెడ్డుకు పోయాడు.

"అయ్యా, జానెడు తక్కువుండాది. నేనే ఎత్తినా."

ఓవర్సీరు నవ్వాడు. "ఏం మేస్త్రీ, పొద్దున్నే కల్లు తాగినావా?"

మామ ఆ గడ్డను బల్ల మీద పెట్టాడు. ఓవర్సీరు నవ్వు ఆపేశాడు. "ఈ వయసులో ఎందుకు మేస్త్రీ?" అని మాత్రం అన్నాడు.

నేనూ వెనకే వచ్చి, అక్కడికి పది అడుగుల దూరంలో ఖాళీ తట్టతో నిలబడి ఉన్నాను. నేనే అని ఒక్క మాట చాలు. ఆ మాట అనలేదు. నా భర్త అందరి ముందూ తండ్రిని నిలదీశాడు. "నీకేం బుద్ధి పుట్టింది నాయనా? రేపట్నించి మనల్నెవరు నమ్ముతారు?" మామ తలగుడ్డ చుట్టుకుంటూ, "ముసలితనం రా" అన్నాడు. అప్పుడూ నేను మాట్లాడలేదు.

జానెడు మళ్లీ తవ్వాలి. ఆ సాయంత్రం మామ మా గుడిసె వాకిట్లోకి వచ్చి, "అమ్మీ, రేపు పొద్దున రైలుకు మీ అమ్మింటికి పో. నీ తట్ట నేను మోస్తా" అన్నాడు. ఇరవై ఏళ్లుగా తట్ట నెత్తిన పెట్టని మనిషి. వద్దనలేదు నేను. మూట కట్టుకుని వెళ్లిపోయాను.

బిడ్డనెత్తుకుని తిరిగి వచ్చేసరికి ఆ గుంటలో కొత్త గంగాళం తేలుతోందన్నారు. నేను చూడటానికి పోలేదు. మాకు వేరే చోట పని. అక్కడ మా సాక్షి నెత్తి తెల్లగా ఉంది. ఇకపై మావాళ్లు తాకితే తెలిసిపోయేట్టు సున్నం పొయ్యాలని ఓవర్సీర్లు చెప్పారట. ఆ సున్నం మామే కలిపేవాడు. నన్ను చూసి కుండ ముందుకు జరిపాడు.

"కొంచెం నీళ్లు పొయ్యి అమ్మీ, గట్టిపడతాండాది."

పోశాను. ఆయన కలుపుకున్నాడు. ఆయన బతికి ఉన్నన్నాళ్లూ మా మధ్య ఆ సంగతి మీద నడిచిన మాట అదొక్కటే.

నా పిల్లలారా, సాక్షి ఎత్తింది మీ తాత కాదు. ఇకమీదట ఆ మాట అనవలసి వస్తే నా పేరు పెట్టి అనండి.